తాత వదిలేసిన పేరు

మా ఇంట్లో పెద్దకొడుక్కి పుట్టిన మొదటి మగబిడ్డకు తాత పేరు పెడతారు. ఇది మా ఒక్క ఇంటి పద్ధతేం కాదు, ఆదోని చుట్టుపక్కల ఏ ఊరికి పోయినా ఉండేదే. కాకపోతే మా తాతకు రెండు పేర్లు. ఒకటి పుట్టినప్పుడు పెట్టింది, రెండోది ఆయనే కోరి పెట్టించుకున్నది. మా నాయన చివరి రోజుల్లో పడిన బాధంతా ఆ మొదటి పేరు వల్లే వచ్చింది. అది చెప్పాలంటే తాత దగ్గరే మొదలుపెట్టాలి. ఇక్కడ ఎవరి పేరూ రాయను. బతికున్నవాళ్ళు ఉద్యోగాలు చేసుకుంటున్నారు.

తాతది ఎమ్మిగనూరుకు అవతల, తుంగభద్ర వైపు ఒక పల్లె. ఆయనకు ముందు పుట్టిన పిల్లలు ఒక్కరూ దక్కలేదంట. అందుకని ఈయన పుట్టంగానే చేటలో పెట్టి దిబ్బ మీద పడేసి, మళ్ళీ ఎత్తుకొచ్చి, ఆ దిబ్బ మీది చెత్త పేరే బిడ్డకు పెట్టినారు. అట్లాంటి పేరుంటే చావు కూడా అసహ్యించుకుని పక్కకు పోతుందని నమ్మకం. తల్లి ప్రేమగా పెట్టుకున్న పేరే అది. కానీ తాత పెద్ద రైతుల ఇంటికి జీతానికి పోయినాక ఆ పేరులో ప్రేమ మిగల్లేదు. చివర 'గా' తగిలించి పిలిచేవాళ్ళు. ఆ ఇంట్లో మాటలు నేర్చే పిల్లలు కూడా అట్లనే పిలిచేవాళ్ళు. పెండ్లయిన కొత్తలో ఆ పిలుపు చెవినపడితే తల ఎత్తలేకపోయేదాన్నని మా అవ్వ నాకు చాలాసార్లు చెప్పింది.

తర్వాత ఒక పాస్టరు సైకిల్ మీద మా వాడకు రావడం మొదలుపెట్టినాడు. చెట్టు కింద కూర్చుని కథలు చెప్పేవాడు. తాతకు నచ్చిన కథ ఒకటే. దేవుడు ఒక ముసలాయన్ను పిలిచి, ఇప్పటిదాకా ఉన్న పేరు ఇంక వద్దు, ఈ రోజు నుంచి నీ పేరు ఇది అని చెప్పిన కథ. తాత ఆ కథ మళ్ళీ మళ్ళీ చెప్పించుకున్నాడంట. తుంగభద్రలో నడుముల్లోతు నీళ్ళలో నిలబడి బాప్తిస్మం తీసుకున్న రోజు ఆ ముసలాయన పేరే తనకు కావాలని అడిగినాడు.

"నాకు పరలోకం సంగతి తెల్దు. ఆ పాత పేరు మాత్రం నీళ్ళలో వదిలేసి వచ్చినా," అనేవాడంట.

రైతుల ఇంట్లో మాత్రం, ఈ దొరల పేర్లు మాకు నోరు తిరగవు అని నవ్వి పాత పేరుతోనే పిలిచినారు. తాత పలకడం మానేసినాడు. పలకనందుకు జీతం మాన్పించినారు. ఆ తర్వాతే మావాళ్ళు ఆదోనికి వచ్చి పత్తి మిల్లుల్లో మూటలు మోసే పనికి కుదిరినారు. ఒక్క పేరు కోసం ఊరు విడిచిన కుటుంబం మాది. చిన్నప్పుడు ఈ మాట తలుచుకుంటే నాకు గర్వంగా ఉండేది.

ఊరు విడవక ముందే నాయన్ను పల్లె బడిలో వేసినారు. అక్కడి అయ్యవారు చర్చి పేరు రాయనన్నాడు. తనకు తోచిన ఒక దేవుడి పేరు నాయనకు పెట్టి, తండ్రి పేరు అన్నచోట ఊరంతా పిలిచే పాత పేరే రాసుకున్నాడు. తాతకు చదువు రాదు. రాసింది ఏందో ఆయనకు ఎవరూ చదివి చెప్పలేదు. ఆ రోజు నుంచి మా ఇంట్లో మనిషికి రెండు పేర్లు. బడిలో ఒకటి, చర్చిలో ఒకటి. నాకూ అంతే. బడిలో నది పేరు, చర్చిలో బైబిలు పేరు. అది వింత అని కూడా నాకు తెలిసేది కాదు. మా వీధిలో పిల్లలందరికీ అట్లనే ఉండేవి.

ఎందుకు రెండు పేర్లో పదో తరగతికి వచ్చినాక అర్థమైంది. చర్చి పేరు చెప్పుకుంటే మేము ఎస్సీలం కాము. బీసీ-సీ అంటారు. అంటే దేవుణ్ణి మార్చుకుంటే కాగితం మీద కులం కూడా మారిపోతుందని ప్రభుత్వం లెక్క. పల్లెలో మాత్రం ఎవరికీ ఏమీ మారలేదు. తాత ఎప్పుడన్నా ఆ ఊరికి పోతే, చనిపోయేదాకా టీ అంగడిలో ఆయన గ్లాసు అందరి గ్లాసులతో కలపకుండా చూరులోనే ఉండింది.

నాకు ఒక తమ్ముడు. తాత పేరు వాడికి వచ్చింది, అదీ చర్చిలో మాత్రమే. బాగా చదివినాడు. పరీక్ష రాసి ఎస్సీ కోటాలో ప్రభుత్వ ఉద్యోగం తెచ్చుకున్నాడు. మా వంశంలో మూట మోయని మొదటి మగవాడు వాడే. ఉద్యోగం వచ్చినాక చర్చికి రావడం తగ్గించినాడు. ముందు వెనక బెంచీలో కూర్చునేవాడు, తర్వాత క్రిస్మస్‌కు మాత్రం వచ్చేవాడు, తర్వాత అదీ లేదు.  ఆదివారం పొద్దున నాయన వాడి చెప్పులు గడప దగ్గర ఉన్నాయో లేదో చూసుకుని, ఒక్కడే బైబిలు పట్టుకుని పోయేవాడు.

తమ్ముడికి కొడుకు పుట్టినప్పుడు నేను ఎమ్మిగనూరు నుంచి పోయినాను. అక్కడ ఒక ప్రైవేటు బడిలో తెలుగు చెబుతాను. నన్ను ఇచ్చింది ఆ ఊరికే. ఆసుపత్రి వరండాలో నాయన తెల్లచొక్కా వేసుకుని కూర్చోని ఉన్నాడు. మా పద్ధతి ప్రకారం ఆ బిడ్డకు రావాల్సింది నాయన పేరు. ఆయన నోరు తెరిచి అడగలేదు, అడిగే మనిషి కాదు. కానీ చొక్కా ఇస్త్రీ చేయించుకుని వచ్చినాడు.

తమ్ముడు లోపలి నుంచి వచ్చి బిడ్డ పేరు చెప్పినాడు. ఫోన్‌లో వెతికి పెట్టిన పేరు, రెండే అక్షరాలు. ఏ మతంలోనైనా ఇమిడిపోతుంది.

నాయన అడిగినాడు. "అది ఎవరి పేరప్పా?"

"ఎవరిదీ కాదు నాయనా. అందుకే పెట్టినాను."

నాయన తల ఊపినాడు. బిడ్డను ఎత్తుకున్నాడు, ముద్దు పెట్టుకున్నాడు. ఆ పేరుతోనే రెండు మూడు సార్లు పిలిచి నోటికి అలవాటు చేసుకున్నాడు. నాకు మాత్రం కడుపు మండింది. బయట తమ్ముణ్ణి పక్కకు పిలిచి, "ఇంట్లో పిలుసుకునేదానికన్నా నాయన పేరు పెట్టొచ్చు కదా," అన్నాను.

"నీకేమక్కా," అన్నాడు వాడు. "నీది ప్రైవేటు బడి. నువ్వు ఎవరికి మొక్కితే ఎవరికి కావాల? నాకు అట్ల కాదు. నేను క్రైస్తవుణ్ణని తెలిస్తే నేను ఎస్సీ కాదంట. మరి మన తాత గ్లాసు చూరులో ఎందుకు పెట్టినారో అడుగు పో వాళ్ళను. బాప్తిస్మం అయినాక గ్లాసు లోపల పెట్టినారా?"

 వాడి మాటలో తప్పు లేదు. తప్పు లేనందుకే నాకు ఇంకా మండింది.

తర్వాత కొన్నాళ్ళకు తమ్ముడి ఆఫీసుకు ఒక ఆకాశరామన్న అర్జీ వచ్చింది. ఈయన కుటుంబం తాతల కాలం నుంచి క్రైస్తవులు, తప్పుడు కులం చెప్పి ఉద్యోగం చేస్తున్నాడు అని. ఎవరు రాసినారో ఇప్పటికీ తెలియదు. మా చర్చిలో మనిషే అని అమ్మకు అనుమానం, ఎందుకంటే తాత బాప్తిస్మం సంగతి బయటివాళ్ళకు అంత వివరంగా తెలిసే వీలు లేదు. ఎంక్వైరీకి ఒక ఆఫీసరు ఇంటికొస్తాడని ముందుగానే కబురు వచ్చింది.

ఆ రోజు పొద్దున్నే తమ్ముడు నన్ను పిలిపించినాడు, అమ్మానాయనలను కాస్త చూసుకోమని. నేను పోయేసరికి గోడ మీద వాక్యాల క్యాలెండరు లేదు. బైబిళ్ళు బియ్యం డబ్బాలోకి పోయినాయి. నడిమింట్లో ఎప్పుడూ ఉండే కొయ్య శిలువ తీసి, తమ్ముడు అక్కడ మంత్రాలయం నుంచి తెప్పించిన స్వామి పటం తగిలిస్తున్నాడు. శిలువ చాలా ఏళ్ళు ఉన్నచోట సున్నం తెల్లగా మిగిలింది. పటం చిన్నది. దానికి రెండు పక్కలా శిలువ చేతులు తెల్లగా బయటికి కనపడుతున్నాయి. తమ్ముడు దూరం పోయి చూసినాడు, దగ్గరికొచ్చి చూసినాడు. మళ్ళీ బజారుకు పోయి ఇంకా పెద్ద పటం తెచ్చినాడు.

నా మరదలు అమ్మ నుదుట కుంకుమ పెట్టింది. అమ్మ సూది వేయించుకునేటప్పుడు మూసుకున్నట్టు కళ్ళు గట్టిగా మూసుకుంది. పెట్టడం అయినాక వంటింట్లోకి పోయి పొయ్యి ముందర కూర్చుంది. ఇంక బయటికి రాలేదు.

నాయన మంచం మీద కూర్చోని ఉన్నాడు. తమ్ముడు ఆయన ముందర గొంతుక్కూర్చున్నాడు.

"నాయనా, నీ పేరు అడుగుతారు. బడిలో పేరు సెప్పు."

"సెప్తాలే."

"తాత పేరు కూడా అడుగుతారు."

నాయన వాడి మొహంలోకి చూసినాడు.

"చర్చి పేరు సెప్పగూడదు నాయనా. నీ బడి రికార్డులో తాతది పాత పేరే ఉంది. అదే సెప్పాల. నువ్వు వేరేది సెప్తే, తాత కాలం నుంచే మనం మారినామని వాళ్ళే రాసుకుంటారు. నా ఉద్యోగం పోతుంది."

"నేను ఊరికి పోతా. నేను లేనని సెప్పు."

"లేకుంటే ఇంకా అనుమానం వస్తుంది నాయనా."

నాయన నా వైపు చూసినాడు. నేను ఏదో అంటానని ఆయన ఆశపడినట్టుంది. తమ్ముడి వెనక మరదలు బిడ్డను ఎత్తుకుని నిలబడి ఉంది.  "ఒక్క మాటే కదా నాయనా," అన్నాను.

మధ్యాహ్నం కాకముందే ఆఫీసరు వచ్చినాడు, వెంట ఒక గుమాస్తా. ఆఫీసరు చెడ్డవాడేం కాదు. ఎండన పడి వచ్చినాడు, చెంబెడు నీళ్ళు తాగినాడు. ముందు వీధిలో విచారించినాడు. మా పక్కింటి పరుపులు కుట్టే సాయిబు, "చర్చా? మేము ఎప్పుడూ చూడలేదు సార్," అన్నాడు. ప్రతి క్రిస్మస్‌కు మా ఇంటి కజ్జికాయలు తినే మనిషి. ఎదురింటివాళ్ళూ అదే చెప్పినారు. మా కోసం వీధి వీధంతా అబద్ధం ఆడింది. అందరూ మంచివాళ్ళే, కానీ వాళ్ళు ఒక్కొక్కరు ఆ మాట చెబుతుంటే మేము ఆ వీధిలో ఎప్పుడూ లేనట్టే అనిపించింది నాకు.

ఆఫీసరు లోపలికొచ్చి ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని, "నీ పేరేంటి పెద్దాయనా?" అని అడిగినాడు.

నాయన బడి పేరు చెప్పినాడు.

"మీ నాన్న పేరు?"

నాయన చేతులు మోకాళ్ళ మీద పెట్టుకున్నాడు. పెదాలు కదిలినాయి. నాకు కూడా వినపడలేదు.

"గట్టిగా చెప్పు. మా వాడు రాసుకోవాలి."

నాయన మళ్ళీ చెప్పినాడు, ఈసారి అందరికీ వినపడేట్టు. వంటింట్లో అమ్మకు కూడా వినపడి ఉంటుంది. నేను పుట్టినాక మా ఇంట్లో ఆ పేరు ఎవరూ పలకగా వినలేదు. అవ్వ కూడా కథ చెప్పేటప్పుడు, 'ఆ పేరు' అనేదే కానీ నోటితో పలికేది కాదు. నాకు ఆ పేరు తెలిసింది ఆ రోజే.

గుమాస్తా రాసుకుంటూ చిన్నగా నవ్వినాడు. ఆఫీసరు వాడి వైపు కోపంగా చూసి, "పాతకాలం పేర్లు అట్లాగే ఉంటాయిలే," అన్నాడు, నాయన బాధపడకుండా. తర్వాత ఏ దేవుణ్ణి కొలుస్తారని అడిగితే తమ్ముడు గోడ మీది పటం చూపించినాడు. అంతే, అయిపోయింది. సంతకాలు తీసుకుని పోయినారు.

వాళ్ళు సందు మలుపు తిరిగినాక నాయన లేచి, స్టూలు వేసుకుని, ఆ పటం తనే దించినాడు. తుండుగుడ్డతో తుడిచి, పేపరు చుట్టి తమ్ముడి చేతిలో పెట్టినాడు.

"ఈయన్ను కూడా అవమానం చేసినాము," అన్నాడు. "మంత్రాలయం పోయేవాళ్ళు ఎవరన్నా ఉంటే ఇయ్యి. మొక్కేవాళ్ళ ఇంట్లో ఉండనీ."

శిలువ మాత్రం మళ్ళీ తగిలించలేదు. తమ్ముడు వద్దన్నాడని కాదు. నాయనే వద్దన్నాడు.

ఆ నెల చర్చిలో అందరికీ రొట్టె, ద్రాక్షరసం పంచే సంస్కారం రోజు నాయన అవి తీసుకోలేదు. మనసులో తప్పు పెట్టుకుని వాటిని ముట్టకూడదని మా నమ్మకం. పళ్ళెం తన దగ్గరికొచ్చినప్పుడు పక్కాయనకు అందించినాడు. తర్వాతి నెల కూడా అంతే. పాస్టరు ఇంటికొచ్చినాడు. ఆ రోజు నేను ఆదోనిలోనే ఉన్నాను.

"ఇది అందరం చేసేదే కదన్నా," అన్నాడు పాస్టరు. "నా కూతురి సర్టిఫికెట్టు కూడా అట్లనే ఉంది. దేవునికి తెల్దా మన కష్టం?"

"అబద్ధం సెప్పినానని కాదు పాస్టరు గారూ," అన్నాడు నాయన. "అబద్ధాలు శానా సెప్పినా. మా నాయన ఆ పేరు వదిలించుకునేదానికి ఊరు ఇడిసినాడు. నేను ఇంట్లో మంచం మీద కూర్చోని ఆయన్ను మళ్ళా దిబ్బ మీద ఏసినా."

పాస్టరు ప్రార్థన చేసి పోయినాడు.  నాయన చర్చికి పోవడం మానలేదు. చనిపోయేదాకా పోయినాడు, కానీ ఆ రొట్టె మాత్రం మళ్ళీ ముట్టలేదు.

అర్జీ కొట్టేసినారు. తమ్ముడికి తర్వాత ప్రమోషన్ కూడా వచ్చింది. ఆ కబురు చెప్పడానికి వాడు మిఠాయి తెచ్చినప్పుడు నాయన ఒక ముక్క తిన్నాడు, వాడి తల మీద చెయ్యి పెట్టినాడు. వాడంటే ఆయనకు కోపం లేదు. నాకే ఉండింది, ఇప్పటికీ ఉంది. ఎవరి మీదో సరిగ్గా చెప్పలేను. తమ్ముడి మీద అనుకుంటాను, వాడి మొహం చూస్తే అది నిలవదు. పేరు ఇచ్చి, ఆ పేరుతో బతికే దారి చూపించని చర్చి మీద అనుకుంటాను. మొక్కే దేవుణ్ణి చూసి మనిషి కులం కొలిచే చట్టం మీద అనుకుంటాను. ఇవన్నీ కలిసి ఒక ముసలాయన నోటితో ఒక మాట అనిపించినాయి. ఆ మాటతో వాళ్ళెవరికీ ఏమీ కాలేదు.

పత్తి దుమ్ము ముందు నుంచే నాయన ఊపిరితిత్తులు తింటూ ఉండింది. ఒక వానాకాలం ఆసుపత్రిలో చేరి మళ్ళీ ఇంటికి రాలేదు. తమ్ముడు సందు మొదట్లో ఫ్లెక్సీ కట్టించినాడు. దాని మీద నాయన ఫొటో, బడి పేరు. శిలువ లేదు, వాక్యం లేదు. రెండు చేతులు జోడించిన బొమ్మ ఒకటి వేయించినాడు.

సమాధుల తోటకు తమ్ముడి ఆఫీసువాళ్ళు కూడా వచ్చినారు. వాడు ముందే పాస్టరుతో మాట్లాడుకున్నట్టుంది. పాస్టరు ప్రార్థనంతా "మన సహోదరుడు, మన సహోదరుడు" అంటూనే నడిపినాడు. పెట్టె గుంతలోకి దించినారు. పిడికెడు మన్ను వేసే ముందర అమ్మ ముందుకొచ్చింది.

"పాస్టరు గారూ, పేరు సెప్పి పూడ్సండి."

పాస్టరు తమ్ముడి వైపు చూసినాడు. తమ్ముడు తల వంచుకున్నాడు.  అమ్మ గుంత వైపు తిరిగి తనే చెప్పింది. నాయన చర్చి పేరు, ఫలానా ఆయన కొడుకు అని తాత చర్చి పేరు కూడా. పెండ్లయిన నాటి నుంచి మొగుడి పేరు, మామ పేరు ఆమె నోటితో పలికింది లేదు. మా ఆడవాళ్ళు పలకరు. అయినా రెండు పేర్లూ పూర్తిగా చెప్పింది. పాస్టరు ఆ తర్వాత ఆ పేరుతోనే ముగించినాడు.

ఆఫీసువాళ్ళకు ఏమీ పట్టలేదు. ఒకాయన పక్కకు పోయి ఫోన్ మాట్లాడుకుంటున్నాడు. ఇంకొకాయన కర్నూలు బస్సు ఎన్నింటికని నన్ను అడిగినాడు. అందరూ తమ్ముడి భుజం తట్టి పోయినారు. ఆ రోజు అమ్మ పలికిన ఆ రెండు పేర్ల గురించి ఆ తర్వాత ఎవరూ ఎక్కడా ఎత్తినట్టు వినలేదు.

కారులో తిరిగి వచ్చేటప్పుడు తమ్ముడు ముందు సీట్లో నుంచి, వెనక్కి తిరగకుండానే, "అమ్మ ఆడ అట్ల అనకుండా ఉండాల్సింది," అన్నాడు.

 అమ్మ బస్టాండు దగ్గర కారు ఆపమంది. "నేను పెద్దదానితో పోతా," అని దిగింది. కట్టుకున్న చీరతోనే నాతో ఎమ్మిగనూరు బస్సెక్కింది. తమ్ముడు బ్రతిమాలినాడు, మరదలు ఏడ్చింది. అమ్మ ఎవర్నీ తిట్టలేదు. మూడోనాటి ప్రార్థనకు పోయి వచ్చింది కానీ, ఆ ఇంట్లో మళ్ళీ రాత్రి పడుకోలేదు.

ఇప్పుడు ఆమె నా దగ్గరే ఉంది. తమ్ముడు కర్నూలుకు బదిలీ అయినాడు. పండగకు పిల్లవాణ్ణి తీసుకుని వస్తాడు, అమ్మకు మందులు తెస్తాడు, నాతో బాగానే మాట్లాడతాడు. అమ్మ మనవణ్ణి వాడి ఫోన్ పేరుతోనే నోరారా పిలుస్తుంది. నాయన సమాధి మీద మాత్రం ఇంకా రాయి లేదు. చుట్టూ ఇటుకలు పేర్చి సున్నం కొట్టినారు, వానలకు అదీ పోయింది. గడ్డి మొలిచి, పక్క సమాధి ఏది, మాది ఏది అని అమ్మ వెతుక్కుంటుంది. పేరు చెక్కించి ఒక రాయి వేయించుదామని నేను అన్నప్పుడల్లా తమ్ముడు ఒకటే మాట అంటాడు.

"రిటైరైనాక ఏపిద్దాంలే అక్కా."

వాడికి ఇంకా చాలా సర్వీసు ఉంది.